నెత్తురు పేరిందా, గడ్డకట్టిందా?

సందేహం: మాది బెంగళూరు, మల్లేశ్వరం. మా నాన్నగారి రక్తపరీక్షలో హోమోసిస్టీన్ (రక్తంలో ఉండే ఒక అమైనో ఆమ్లం) 24 వచ్చింది. డాక్టరు కన్నడంలో ‘రక్త హెప్పుగట్టుత్తె’ అని జాగ్రత్తలు చెప్పారు. ఒక తెలుగు పత్రికలో ‘హోమోసిస్టీన్ పెరిగితే రక్తం గడ్డకట్టే ప్రమాదం జరుగుతుంది’ అని చదివాను. హిందూపురంలోని మా అమ్మమ్మ ‘నెత్తురు పేరుకుంటుంది’ అంటుంది. ఏది సరైన తెలుగు?

సమాధానం: మీ అమ్మమ్మగారి మాట చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. ‘పేరు’ అనే క్రియ మనకు పేరిన నెయ్యిలో మాత్రమే మిగిలిందనుకుంటున్నాను. బెంగళూరు చలికి తెల్లవారేసరికి సీసాలో కొబ్బరినూనె ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. అదీ పేరడమంటే. పారే వస్తువు తనంతట తాను బిగుసుకోవడం. నెత్తురులోనూ జరిగేది ఇంచుమించు అదే. అందులో కరిగి ఉన్న ప్రొటీన్ ఫైబ్రిన్ పోగులుగా మారి, వలలా అల్లుకుని, రక్తకణాలను పట్టేస్తుంది.

ఇక డాక్టరుగారి ‘హెప్పు’. పాలలో మనం వేసే తోడునే, కొన్నిచోట్ల చేమిరి అంటారే, దాన్నే కన్నడిగులు హెప్పు అంటారు. మన పాలు వాళ్లకు హాలు, పులి హులి, పువ్వు హూవు. ఆ లెక్కన హెప్పు ఒకప్పుడు ‘పెప్పు’ లాంటి మాటై ఉండాలి. మన ‘పేరు’కూ దానికీ మూలం ఒకటేనని నా నమ్మకం. పెరుగు తోడుకునే తీరును నెత్తురులోనూ చూసిన మాట అది.

గడ్డ అంటే ఉల్లిగడ్డ, మంచుగడ్డ, చీముగడ్డ, ఏటిగడ్డ. తయారైన ముద్దకు ఆ మాట బాగానే ఉంటుంది. కానీ మనవాళ్లు ‘పేరుకొను’ను తీసుకెళ్లి చెత్తకూ బకాయిలకూ అంటగట్టారు. అందుకే ఇప్పుడు ‘రక్తం పేరుకుంది’ అంటే ఒకచోట నిలిచిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. ఆస్పత్రి కాగితాల మీద ‘గడ్డకట్టడం’ వద్దని గట్టిగా చెప్పలేను. ఇంట్లో మాత్రం అమ్మమ్మగారి మాటే వాడండి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ పత్రిక వాక్యం. ప్రమాదమంటే సంస్కృతంలో ఏమరుపాటు, వాడుకలో యాక్సిడెంటు. రిస్కుకు ‘ముప్పు’ అనే చక్కని మాట ఉండగా ఇదెందుకు? పైగా ‘పెరిగితే జరుగుతుంది’ అనడం, నిప్పు ముట్టుకుంటే కాలుతుందన్నంత ఖాయంగా ఉంది. హోమోసిస్టీన్ మామూలుగా లీటరుకు 15 మైక్రోమోల్స్ దాకా ఉంటుంది. అంతకు మించినవాళ్లలో సిరల్లో నెత్తురు పేరే ముప్పు ఎక్కువగా కనిపించింది. అయితే ఫోలిక్ ఆమ్లం, బి6, బి12 విటమిన్లు ఇచ్చి దాన్ని తగ్గించి చూసిన పరీక్షల్లో ఆ ముప్పు తగ్గిందని స్పష్టంగా తేలలేదు. కాబట్టి ‘హోమోసిస్టీన్ ఎక్కువ ఉన్నవారిలో నెత్తురు గడ్డకట్టే ముప్పు ఎక్కువగా కనిపిస్తోంది’ అని రాయాలి. ‘పెరిగితే’కూ ‘ఉన్నవారిలో’కూ మధ్య తేడా తెలియకుండా ఆరోగ్య శీర్షికలు రాయకూడదు.

నాన్నగారు శాకాహారులైతే బి12 తక్కువుందేమో డాక్టరును అడగండి. హోమోసిస్టీన్ పెరగడానికి అదొక కారణం. అమ్మమ్మగారిని కూడా ఒక మాట అడగండి: వేలు తెగినప్పుడు పైన కట్టే నెత్తురుకూ ‘పేరింది’ అనే అంటారా, వేరే మాట ఉందా? ఆమె అన్నది అన్నట్టే రాసి పంపండి.