స్టెమ్ సెల్స్ కోసం బంగారం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 21 ఏళ్లు. పోయిన వారం కబడ్డీ ఆడుతూ పడితే మోకాలిలో ఏసీఎల్ లిగమెంట్ తెగింది. ఆపరేషన్‌కు రూ.1.80 లక్షలు అవుతుందట. తొందరగా కోలుకోవాలంటే స్టెమ్ సెల్స్ (ఇతర కణాలుగా మారగల మూల కణాలు) కూడా ఎక్కించాలని, దానికి మరో రూ.2 లక్షలని చెప్పారు. రూ.5 లక్షల ఆరోగ్య బీమా తీసుకుని 14 నెలలైంది. బంగారం తాకట్టు పెట్టమంటారా? - ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దమ్మా, బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. స్టెమ్ సెల్స్‌కు మీ బీమా నుంచి డబ్బు వస్తుందని ఆశపెట్టుకోకండి. బీమా సంస్థలు కాదనకూడని ఆధునిక చికిత్సల జాబితాలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ స్టెమ్ సెల్ థెరపీని చేర్చిన మాట నిజమే. కానీ అది రక్త వ్యాధులకు చేసే బోన్‌మ్యారో (ఎముక మజ్జ) మార్పిడికే. మోకాలికి కాదు.

అసలు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త వ్యాధులకు చేసే ఆ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా క్లినికల్ ట్రయల్‌లోనే, అంటే పరిశోధన ప్రయోగంగానే జరగాలి. ట్రయల్ అయితే దేశంలోని ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐ రిజిస్ట్రీ నంబరు ఉంటుంది, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆ నంబరు అడగండి. నంబరు చూపకుండా రూ.2 లక్షలు కట్టమంటే ఒప్పుకోకండి. ఆ అప్పుకు 12 శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి రూ.24 వేలు. ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి. కొత్త లిగమెంట్ కుదురుకుని మళ్లీ కబడ్డీ కూతకు వెళ్లాలంటే సుమారు 9 నెలలు పడుతుంది. అన్నాళ్లూ కాలికి బలం తెచ్చేది రోజూ చేసే ఆ వ్యాయామమే.

నాకు ఎక్కువ దిగులుగా ఉన్నది మీ పాలసీ వయసు గురించి. చాలా పాలసీల్లో లిగమెంట్ ఆపరేషన్లకు 24 నెలల నిరీక్షణ ఉంటుంది, అంటే అంతవరకు క్లెయిమ్ ఇవ్వరు. మీకు 14 నెలలే అయ్యాయి. అయితే ప్రమాదం వల్ల తగిలిన దెబ్బకు ఆ గడువు వర్తించదు. అందుకే ఏ తేదీన, ఎలా పడ్డాడో ఓపీ చీటీలోనూ డిశ్చార్జ్ సమ్మరీలోనూ డాక్టరు చేత స్పష్టంగా రాయించండి. ‘మోకాలి నొప్పి’ అని మాత్రమే రాస్తే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. గది అద్దెకు పరిమితి ఉందేమో కూడా చూసుకోండి. అది దాటితే మిగతా బిల్లులోనూ కోత పడొచ్చు.

ఎస్టిమేట్‌ను స్టెమ్ సెల్స్ లేకుండా, ఆపరేషన్‌కు మాత్రమే రాయించుకుని, చేరకముందే క్యాష్‌లెస్ అనుమతికి పంపించండి.