ముందు బాబు బరువు తూయించండి, ఏ పాలన్నది తర్వాత

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. ఇది తొలి కాన్పు. బాబు నెలలు నిండాకే 2.9 కిలోల బరువుతో పుట్టాడు. ఇప్పుడు వాడికి 20 రోజులు. నా పాలు చాలడం లేదని మొదటి నుంచీ అనుమానం. సాయంత్రమైతే గంటల తరబడి రొమ్ము వదిలేవాడు కాదు. పంపుతో తీస్తే సీసా అడుగు కూడా నిండదు. అందుకని రోజుకు రెండు మూడుసార్లు డబ్బా పాలు పడుతున్నాను. అరగవేమోనన్న భయంతో చెప్పిన కొలత కంటే కొంచెం ఎక్కువ నీళ్ళు పోసి కలుపుతున్నాను. పాలు బాగా పడతాయని తెలిసినవారు చెబితే వారం నుంచి డోంపెరిడోన్ మాత్రలు వేసుకుంటున్నాను. నాలుగు రోజులుగా బాబు పేచీ మానేసి ఒక్కోసారి అయిదారు గంటలు నిద్రపోతున్నాడు. పూర్తిగా డబ్బా పాలకు మారిపోవడం మంచిదా, తల్లిపాలే కొనసాగించాలా? మూడు నెలలకు ఉద్యోగంలో చేరాలి. ఏదీ తేల్చుకోలేక రోజూ ఏడుపొస్తోంది. (ఒక తల్లి)

జవాబు: మీరు అడిగినదానికి తప్పక వస్తాను. కానీ మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినవి వేరే ఉన్నాయి. నీళ్ళు ఎక్కువైన పాలు, మీరు సొంతంగా వాడుతున్న మాత్ర, బాబు నిద్ర. పుట్టినప్పటి బరువు రాశారు గానీ ఇప్పటి బరువు రాయలేదు. రోజుకు ఎన్నిసార్లు మూత్రం పోస్తున్నాడో కూడా రాయలేదు. ఈ రెండూ తెలియనిదే ఏ పాలు పట్టాలో చెప్పడం సరికాదు. ఇది చదివిన రోజే బాబును పిల్లల డాక్టరుకు చూపించి బరువు తూయించండి. బిడ్డను చూడకుండా రాస్తున్న సలహా ఇది, పరీక్షకు బదులుగా దీన్ని తీసుకోవద్దు.

పుట్టిన మొదటి కొద్ది రోజుల్లో పిల్లలు కాస్త బరువు తగ్గుతారు. 7 శాతం వరకూ తగ్గితే సాధారణంగా కంగారు పడం. 10 శాతం తగ్గితే మాత్రం కారణం వెతకాల్సిందే. ఎక్కువమంది 10 నుంచి 14 రోజులకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి వస్తారు. అక్కడి నుంచి రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరుగుతారు. ఆ లెక్కన మీ బాబు ఈపాటికి 2.9 కిలోలు దాటి ఉండాలి. అయిదో రోజు తర్వాత 24 గంటల్లో కనీసం ఆరుసార్లు, లేత రంగులో మూత్రం పోయాలి. మూత్రం ముదురు పసుపుగా ఉన్నా, గుడ్డ మీద ఇటుక రంగు మరకలు పడుతున్నా పాలు తక్కువగా అందుతున్నాయని అనుమానించాలి.

పేచీ మానేశాడని మీకు ఊరటగా ఉన్నట్టుంది. నాకు అలా లేదు. చాలినన్ని పాలు అందని పసివాడు కొన్నాళ్ళు ఏడుస్తాడు, ఆ తర్వాత ఏడ్చే ఓపిక లేక నిద్రలోకి జారుకుంటాడు. మీ బాబు విషయంలో అదే జరుగుతోందని అనడం లేదు, కాదని తేలేదాకా వదలకూడదని అంటున్నాను. బరువు తిరిగి వచ్చిందని డాక్టరు చెప్పేవరకూ మూడు గంటలు దాటకుండా లేపి పాలు పట్టండి, రాత్రయినా సరే. లేపినా లేవకపోయినా, పాలు తాగే ఓపిక లేకపోయినా, ఒళ్ళు వేలాడేసినట్టున్నా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్‌కు చేరినా, ఒళ్ళు చల్లబడినా, నడినెత్తి గుంట పడినా వెంటనే ఆస్పత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి. తెల్లవారనిద్దాం అనుకోవద్దు. కళ్ళు, ఒళ్ళు ఇంకా పచ్చగా ఉంటే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. రెండు వారాలు దాటిన కామెర్లకు రక్తపరీక్ష అవసరం. విరేచనం సుద్దలా పాలిపోయి ఉంటే అది మరీ తొందరగా చూడాల్సిన విషయం.

ఇక పాలు పలుచన చేయడం. ఇది ఈ రోజుతో ఆపేయండి. నీళ్ళు కలిపితే పాలు తేలిగ్గా అరుగుతాయన్నది నిజం కాదు. కడుపు నిండినట్టే ఉంటుంది, శక్తి మాత్రం అందదు. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. పసివాడి మూత్రపిండాలు అదనపు నీటిని మనలా వేగంగా బయటికి పంపలేవు. ఆ నీరు రక్తంలో చేరి సోడియం అనే లవణం స్థాయిని పడగొడుతుంది. సోడియం బాగా పడిపోతే బిడ్డ మత్తుగా ఉంటాడు, ఫిట్స్ కూడా రావచ్చు. బాబు నిద్ర గురించి నేను అంత గట్టిగా చెప్పడానికి ఇది కూడా కారణం. అవసరమనిపిస్తే మీ డాక్టరు రక్తంలో సోడియం పరీక్ష రాస్తారు. పొడి ఎక్కువ వేసి చిక్కగా కలపడం కూడా తప్పే, అప్పుడు ఒంట్లో నీరు తగ్గి సోడియం పెరిగిపోతుంది. ఆరు నెలల లోపు విడిగా మంచినీళ్ళు పట్టాల్సిన అవసరం కూడా లేదు.

మాత్ర గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నేను పదేపదే చూస్తున్న పొరపాటు ఇది. డోంపెరిడోన్ వాంతులకు, వికారానికి వచ్చిన మందు. పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ హార్మోను దానివల్ల పెరుగుతుంది కాబట్టి కొందరు తల్లులకు డాక్టర్లు ఆలోచించి, కొద్ది రోజులకు రాస్తారు. ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టిన పిల్లల తల్లుల్లో ఇది పాల పరిమాణాన్ని కొంతమేర పెంచుతుంది. అయితే కొందరిలో ఇది గుండె లయను దెబ్బతీస్తుంది. పాలు పెరగడానికి దీన్ని వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే హెచ్చరించింది. యూరప్ నియంత్రణ సంస్థ కూడా 2014లో దీని మోతాదుకు, వాడే రోజులకు హద్దులు పెట్టింది. మీకు పుట్టుకతో గుండె లయలో తేడా ఉందో లేదో ఆ తెలిసినవారికి తెలియదు, బహుశా మీకూ తెలియదు. రేపు చనుమొనకు ఫంగస్ సోకిందని ఫ్లూకోనజోల్ వాడాల్సి వచ్చినా, గొంతునొప్పికి ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటివి వాడినా ఈ మాత్రతో కలిసి ప్రమాదం పెరుగుతుంది. ఏ మందు వేసుకుంటున్నారో మీరు చెప్పకపోతే ఆ మందు రాసే డాక్టరుకు తెలిసే దారే లేదు.

ఎంత మోతాదు వేసుకుంటున్నారో మీరు రాయలేదు. తర్వాతి మాత్ర వేసుకునే ముందే మీ డాక్టరుతో మాట్లాడండి. గుండె దడ, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం లాంటివి ఉంటే మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. అసలు పాలు తక్కువయ్యాయని ఎవరు నిర్ధారించారమ్మా? ఎవరూ నిర్ధారించలేదు. జబ్బు ఉందో లేదో తేలకముందే మందు మొదలైపోయింది. ఒకవేళ నిజంగానే తక్కువైతే దానికి కారణాలు ఉంటాయి: థైరాయిడ్ లోపం, కాన్పులో ఎక్కువ రక్తస్రావం, గర్భాశయంలో మిగిలిపోయిన మాయ ముక్క, గతంలో రొమ్ముకు జరిగిన శస్త్రచికిత్స. మాయ ముక్క మిగిలి ఉన్న తల్లి ఈ మాత్రలు మింగుతూ కూర్చుంటే అసలు చికిత్స వెనకబడుతుంది. ఇదే నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు పాలను తగ్గిస్తాయి. అలాంటివి ఏవైనా వాడుతుంటే చెప్పండి. నొప్పులకు కోడీన్ ఉన్న మందులు పాలిచ్చే తల్లులు తీసుకోకూడదు. డాక్టరు దగ్గరికి మాత్రల పట్టీతో పాటు పాల డబ్బా, అందులోని చెంచా, మీరు కలిపే సీసా కూడా తీసుకెళ్ళి ఎలా కలుపుతున్నారో చూపించండి.

మీ పాలు చాలడం లేదనడానికి మీరు చూపిన ఆనవాళ్ళు రెండూ బలమైనవి కావు. మొదటి వారాల్లో సాయంత్రం పూట పిల్లలు వెంటవెంటనే పాలకు వెతుక్కోవడం మామూలే. పంపులో పడినదాన్ని బట్టి బిడ్డకు అందుతున్నది లెక్కకట్టలేం, బాగా పట్టిన బిడ్డ పంపు కంటే ఎక్కువే లాగగలడు. రొమ్ము ఎంత ఖాళీ అయితే ఒళ్ళు అంత పాలు తయారుచేస్తుంది. మీరు డబ్బా పాలు పట్టిన ప్రతిసారీ రొమ్ము ఒక పూట ఖాళీ కాకుండా ఉండిపోతోంది, దానితో పాలు నిజంగానే తగ్గుతాయి. కాబట్టి ప్రతిసారీ ముందు రెండు వైపులా రొమ్ము పట్టించండి, ఆ తర్వాతే అవసరమైతే డబ్బా పాలు. రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టించాలి. ప్రొలాక్టిన్ రాత్రి ఎక్కువగా ఉంటుంది కనుక రాత్రి పాలు మానొద్దు. నోరు బాగా తెరిచి చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని కూడా పట్టుకున్నాడా, కింది పెదవి బయటికి మడిచి ఉందా, మింగుతున్న చప్పుడు వినిపిస్తోందా చూడండి. పట్టినంతసేపూ నొప్పిగా ఉంటే పట్టు సరిగా లేదని అర్థం. ఇది రాసి నేర్పగలిగేది కాదు, అనుభవమున్న నర్సు పక్కన కూర్చుని ఒక్కసారి చూపిస్తే చాలామందికి మాత్రల అవసరమే రాదు.

తల్లిపాలా, డబ్బా పాలా అంటే, ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడు తల్లిపాలకే నా ఓటు. ఆరు నెలల వరకూ తల్లిపాలు మాత్రమే ఇచ్చి, ఆ తర్వాత ఇతర ఆహారంతో పాటు రెండేళ్ళు లేదా అంతకు మించి కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. తల్లి నుంచి అందే రోగనిరోధక పదార్థాలు డబ్బాలో దొరకవు. తల్లిపాలు తాగే పిల్లల్లో విరేచనాలు, చెవి, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్లు తక్కువ. పాలిచ్చిన తల్లుల్లో రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా తగ్గుతుంది. అయితే గాలక్టోసీమియా, అంటే పాలలోని చక్కెరను ఒళ్ళు వాడుకోలేని పుట్టుజబ్బు, ఉన్న బిడ్డకు తల్లిపాలు పనికిరావు. తల్లికి కీమోథెరపీ, రేడియోధార్మిక అయోడిన్ లాంటి చికిత్సలు జరుగుతున్నా ఇవ్వకూడదు. హెచ్ఐవీ ఉంటే చికిత్స చేస్తున్న డాక్టరు చెప్పినట్టు నడుచుకోవాలి. ఇవేవీ లేకుండా కూడా, అన్నీ ప్రయత్నించాక పాలు చాలని తల్లులు ఉంటారు. వాళ్ళు సరిగా కలిపిన డబ్బా పాలు పడితే తప్పు చేసినట్టు కాదు. రెండూ కలిపి ఇవ్వడమూ ఒక దారే. ఆకలితో ఉన్న బిడ్డకు డబ్బా పాలు పట్టకుండా పంతానికి పోవడాన్ని నేను ఒప్పుకోను.

బరువు తగ్గిందని తేలితే మీ డాక్టరు కొన్నాళ్ళు డబ్బా పాలు పెంచమనవచ్చు. అప్పుడు పుట్టినప్పటి నుంచి పట్టదగినదని రాసి ఉన్న రకమే ఎంచుకోండి. ఏడాది నిండేదాకా మామూలు ఆవుపాలు, గేదెపాలు ప్రధాన పాలుగా వద్దు. పాలపొడిలో క్రిములు ఉండే అవకాశం ఉంది, డబ్బా సీలు తీయకపోయినా సరే. అందుకే నీళ్ళు మరిగించి, 70 డిగ్రీల కంటే చల్లారకముందే, అంటే అరగంట లోపే పొడి కలపాలి. సీసాలో ముందు నీళ్ళు కొలిచి పోసి, ఆ తర్వాత డబ్బాలోని చెంచాతోనే, అంచుకు సమంగా తీసి పొడి వేయాలి. గోరువెచ్చగా అయ్యాక పట్టండి, బిడ్డ వదిలేసినవి పారబోయండి. పూర్తిగా డబ్బా పాల మీదే ఉండే ఈ వయసు బిడ్డకు రోజుకు కిలో బరువుకు సుమారు 150 మిల్లీలీటర్లు పడుతుంది. మీరు రొమ్ము కూడా పట్టిస్తున్నారు కనుక ఎంత ఇవ్వాలో బరువు చూసి డాక్టరే చెప్పాలి.

ఉద్యోగం గురించి ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. తీసిన తల్లిపాలు మామూలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటాయి. డీప్ ఫ్రీజర్‌లో నెలల తరబడి దాచవచ్చు. పనిలో చేరడానికి రెండు మూడు వారాల ముందు నుంచి తీసి దాచుకోవడం మొదలుపెడితే చాలు.

చివరగా, రోజూ ఏడుపొస్తోందని ఒక్క ముక్కలో రాసి ఊరుకున్నారు. కాన్పయిన మొదటి రోజుల్లో ఊరికే కన్నీళ్ళు రావడం చాలామందిలో ఉంటుంది, రెండు వారాల్లో సర్దుకుంటుంది. మీకు 20 రోజులు దాటుతోంది. బాబు నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం, బతకాలనిపించకపోవడం, బిడ్డకు హాని చేస్తానేమోనన్న ఆలోచనలు, వీటిలో ఏది ఉన్నా బాబును చూపించడానికి వెళ్ళిన రోజే మీ సంగతీ డాక్టరుకు చెప్పండి. చివరి రెండింటిలో ఏది ఉన్నా ఒంటరిగా ఉండకండి, ఇంట్లోవాళ్ళకు చెప్పి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. పాలు మానేయమంటారేమోనన్న భయంతో దాచుకోవద్దు. పాలిస్తూ వాడదగిన మందులు దీనికి ఉన్నాయి.