ఆఖరి వరసలో మాట వినపడాలి

గుణుపురంలో మా మేనమామ మైకుసెట్టు దగ్గర వైర్లు చుట్టే పనితో మొదలుపెట్టి, 26 ఏళ్లుగా ఇదే వృత్తిలో ఉన్నాను. ఇప్పుడు రాయగడలో మైకుల శబ్దాలన్నిటినీ కలిపి సరిచేసే సొంత మిక్సరు, సొంత బాక్సులు ఉన్నాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డిసెంబరులో మన వైపు జరిగిన క్రైస్తవ రాక్ కచేరీల గురించే. కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: క్రిస్మస్ ముందు మా ఊళ్లో ఒక క్రైస్తవ రాక్ బృందం పాడింది. ముందు వరసలో కూర్చున్నా నా ధ్యాసంతా వేదిక వెనకే ఉంది. అటు వెళ్లబోతే వాలంటీర్లు ఆపేశారు. అక్కడ అంత రహస్యం ఏముంటుంది అంకుల్?
– డిగ్రీ విద్యార్థిని, గుణుపురం

జవాబు: రహస్యం ఏమీ లేదమ్మా. నేల నిండా వైర్లుంటాయి. చీకట్లో ఒక వైరు కాలికి తగిలి ఊడితే వేదిక మీద ఒకరి గొంతు ఆగిపోతుంది. అందుకే ఆపుతారు. మొన్న డిసెంబరులో విశాఖ నుంచి రాయగడ వచ్చిన ఒక బృందానికి నేనే సౌండు చూశాను. ఆ రోజంతా ఎలా గడిచిందో చెబుతాను.

కచేరీ సాయంత్రం ఆరున్నరకు. వాళ్ల వ్యాను పార్వతీపురం మీదుగా పొద్దున్న పదకొండుకే వచ్చేసింది. ఐదుగురు. లీడ్ గిటారు వాయించే అతను స్కూల్లో లెక్కల మాస్టారు, డ్రమ్మర్ మందుల షాపులో పని చేస్తాడు. అందరూ సెలవు పెట్టుకుని వచ్చినవాళ్లే. దిగగానే డ్రమ్మర్ అడిగిన మొదటి మాట, "అన్నా, పాత తివాచీ ఏమైనా ఉందా?" అని. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము చెక్కల మీద మెల్లగా ముందుకు జారిపోతుంది. కింద తివాచీ ఉంటే కదలదు. పాస్టరు గారి వరండాలో ఉన్నది తెచ్చి వేశాం.

రెండు గంటలకు సౌండ్ చెక్ మొదలైంది. చూసేవాళ్లకు ఇది విసుగు. ఆ పెద్ద డ్రమ్మునే "డబ్, డబ్" అని పది నిమిషాలు కొడుతూనే ఉంటారు. షామియానా కుర్రాళ్లు నా వైపు విచిత్రంగా చూశారు. డ్రమ్ముల సెట్టు ఒక్కదానికే ఏడు మైకులు పెట్టాం. ఒక్కో మైకులో పక్క డ్రమ్ము శబ్దం ఎంత దూరుతోందో విడివిడిగా విని తగ్గించాలి. దాని తర్వాత బేస్ గిటారు. దానికి మైకు అక్కర్లేదు, డీఐ బాక్సు అనే చిన్న డబ్బా ద్వారా నేరుగా మిక్సరుకు వస్తుంది. లీడ్ గిటారు ఆంప్లిఫయరు ముందు ఒక మైకు, ఆ తర్వాత కీబోర్డు, చివరికి గొంతులు. అన్నీ కలిపి మిక్సరులోని 24 చానళ్లలో 21 నిండాయి.

జనం వైపు తిరిగి ఉన్న బాక్సులు జనానికి. వేదిక మీద నేల మీద ఏటవాలుగా, పాడేవాళ్ల వైపు తిరిగి ఉండే బాక్సుల్ని మానిటర్లు అంటాం. అవి లేకపోతే గాయకుడికి తన గొంతు తనకే వినపడదు, శ్రుతి తప్పుతాడు. ఒకరికి కీబోర్డు ఎక్కువ కావాలి, ఇంకొకరికి అసలు వద్దు. ఐదుగురికీ ఐదు రకాలుగా కలిపి పంపాలి. మానిటర్ మరీ పెంచితే అదే శబ్దం మళ్లీ మైకులోకి పోయి కుయ్‌మని కూస్తుంది. డ్రమ్మర్ చెవిలో మాత్రం ఇయర్‌ఫోను ఉంటుంది. అందులో టక్, టక్ అని తాళం వినిపిస్తూ ఉంటుంది. అది మీకు వినపడదు. పాట వేగం తప్పకుండా ఉండటానికి అదే ఆధారం.

నాలుగు గంటలప్పుడు నేను చూసిన దృశ్యం నీకు తప్పకుండా చెప్పాలి. వాళ్లు పాడాల్సిన పదకొండు పాటల్లో తొమ్మిది తెలుగు, ఒకటి ఒడియా, ఒకటి సవర. సవర పాట పల్లవి గాయకుడికి నోరు తిరగడం లేదు. వేదిక వెనక నీళ్ల డ్రమ్ము పక్కన, గుడారి వైపు నుంచి వచ్చిన ఒక సవర కుర్రాడు అతనికి ఒక్కో ముక్కా చెప్పి పలికిస్తున్నాడు. గాయకుడు దాన్ని తెలుగు అక్షరాల్లో అరచేతి మీద రాసుకుంటున్నాడు. ఒక అచ్చు దగ్గర ఆ కుర్రాడు ఏడెనిమిదిసార్లు "కాదన్నా, మళ్లీ" అన్నాడు. సరిగ్గా వచ్చేదాకా వదల్లేదు. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం తయారుచేసిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలోనే ఉండేవారు. ఆయన కూడా ఇలాగే ఒకరి ఎదురుగా కూర్చుని నేర్చుకుని ఉంటారనిపించింది. రాత్రి ఆ పల్లవి రాగానే కుడివైపు నేల మీద కూర్చున్న సవర కుటుంబాలన్నీ లేచి నిలబడ్డాయి. నాకు మిక్సరు మీద చేతులు ఆడలేదు.

కచేరీకి పావుగంట ముందు అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి ప్రార్థన చేస్తారు. జనరేటర్ చూసే అతన్ని కూడా పిలిచారు. అతనిది మజ్జిగౌరమ్మ గుడి వీధి. భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ప్రార్థనలో అతని పేరు, నా పేరు, కరెంటు, వైర్లు అన్నీ వచ్చాయి.

పాట నడుస్తుండగా వెనక పని ఆగదు. శ్రుతి చేసిన ఇంకో గిటారు సిద్ధంగా ఉంటుంది. చలి పెరిగేకొద్దీ తీగల శ్రుతి మారిపోతుంది కాబట్టి ఒకతను దాన్ని ప్రతి పాటకూ సరిచూస్తూనే ఉన్నాడు. అయిపోయాక గాయకుడు గంట సేపు మాట్లాడలేదు, గోరువెచ్చటి నీళ్లు గుక్క గుక్కగా తాగుతూ సైగలు చేశాడు. మిగతావాళ్లు వైర్లు చుట్టి, వ్యాను ఎక్కించి, చల్లారిన అన్నం తినేసరికి పదకొండున్నర.

వచ్చే ఏడాది నిజంగా లోపల ఉండాలనుకుంటే ఆరు గంటలకు కాకుండా మధ్యాహ్నం రెండు గంటలకు రా అమ్మా. వేళ్లు కప్పే బూట్లు వేసుకో, చిన్న టార్చి తెచ్చుకో. వైరు మెలిక పడకుండా ఎలా చుట్టాలో నేను నేర్పిస్తాను. ఆ పని వచ్చినవాళ్లను ఏ వాలంటీరూ ఆపడు.

ప్రశ్న: మా సంఘం యూత్ బ్యాండులో నేను గిటారు వాయిస్తూ పాడతాను. మైకుకు పెదవి తగిలితే జివ్వుమని షాక్ కొడుతోంది. మైకుకు స్పాంజి తొడిగితే చాలంటున్నారు. నిజమేనా?
– ఒక యువకుడు, జేకే పూర్

జవాబు: చాలదు తమ్ముడూ. ఆ షాక్ తీరేదాకా గిటారు పట్టుకుని మైకు దగ్గరకు వెళ్లొద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట ఒక ఊళ్లో కరెంటు పని చేసినవాళ్లు ఎర్తింగ్ లేకుండానే లైను ఇచ్చారు. నా కళ్ల ముందే పాడే అమ్మాయి మైకు వదిలేసి వెనక్కి పడిపోయింది. దేవుడి దయ వల్ల బతికింది. ఆ రోజు నుంచి ఎర్తింగ్ నేను స్వయంగా చూడకుండా ఒక్క స్విచ్చి కూడా వేయను.

జరిగేది ఇదీ. మైకు పైన ఉండే ఇనుప జాలీ వైరు ద్వారా మిక్సరు ఎర్త్‌కు కలిసి ఉంటుంది. నీ గిటారు తీగలు ఆంప్లిఫయరు ఎర్త్‌కు కలిసి ఉంటాయి. రెండూ ఒకే ఎర్త్ అయితే తేడా ఉండదు. ఆంప్లిఫయరుకు ఎర్త్ లేకపోయినా, రెండిటినీ వేర్వేరు చోట్ల నుంచి తీసుకున్నా మధ్యలో ఓల్టేజి నిలుస్తుంది. చేతులు తీగల మీద, పెదవి జాలీ మీద పెట్టగానే కరెంటు నీ ఒంట్లోంచి పోతుంది. స్పాంజి దాన్ని కాసేపు దాచిపెడుతుంది. చెమటకు తడిస్తే అదీ ఉండదు.

వేదిక మీది సామానంతా ఒకే బోర్డు నుంచి, ఒకే ఫేజు నుంచి తీసుకోండి. వేర్వేరు ఫేజుల మధ్య 400 వోల్టుల దాకా ఉంటుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో దూర్చే అలవాటు మానేయండి. గుర్రుమనే హమ్ము పోవడానికి కొందరు ఎర్త్ తీసేస్తారు, అది ప్రాణం మీదికి తెచ్చే పని. జనరేటరు పక్కన ఎర్త్ రాడ్డు దిగగొట్టించి, ఆ గొయ్యి తడిగా ఉందో లేదో చూడండి. కరెంటు లీకైతే లైను తెంచేసే స్విచ్చి, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, పెట్టించండి. పాట మొదలయ్యే ముందు మల్టీమీటరు ఒక ముల్లు గిటారు తీగకు, ఇంకోటి మైకు జాలీకి పెట్టి ఏసీ ఓల్టేజి చూడండి. సున్నాకు దగ్గరగా లేకపోతే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆగండి. జనం ఎదురుచూస్తారని టెన్షన్ పడకండి.

ప్రశ్న: ఇలాంటి కచేరీకి మా మూడేళ్ల బాబును తీసుకెళ్లొచ్చా? చెవులకు దెబ్బ తగులుతుందా?
– ఒక తల్లి, జయపురం

జవాబు: తీసుకెళ్లొచ్చమ్మా, కానీ ఎక్కడ కూర్చుంటారన్నది ముఖ్యం. 85 డెసిబెళ్ల శబ్దాన్ని పెద్దవాళ్లు ఎనిమిది గంటలు వినొచ్చని ఒక లెక్క ఉంది. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగానికి తగ్గిపోతుంది. 100 డెసిబెళ్ల దగ్గర మిగిలేది పావుగంటే. కచేరీల్లో సగటు శబ్దం 100 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. చిన్నపిల్లల కోసం నేనైతే ఇంకా తక్కువే కోరుకుంటాను. బయలు మైదానంలో బాక్సుల నుంచి దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. కాబట్టి మైదానం మధ్య దాటి కూర్చోండి, నేల మీద పెట్టిన బేస్ బాక్సుల ఎదురుగా అసలు వద్దు. దూదితో పెద్దగా లాభం ఉండదు. పిల్లల తలకు సరిపోయే చెవి మఫ్‌లు దొరుకుతాయి, అవి కొనండి. బాబు చెవులు మూసుకున్నా, ఏడ్చినా ఆ పాట అయ్యేదాకా కూడా ఆగకుండా బయటికి తీసుకురండి.

రాత్రి పదికి ఎందుకు ఆపేస్తారని కూడా మీరు అడిగారు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్లు వాడకూడదు. పండగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. ఆ సడలింపు ఉన్న రోజున కూడా నేను పదికే ఆపుతాను. చలికాలం రాత్రి నేల దగ్గర గాలి చల్లబడి, పైగాలి వెచ్చగా ఉంటే శబ్దం పైకి పోకుండా కిందికి వంగి చాలా దూరం వెళుతుంది. నాగావళి అవతలి ఒడ్డున నిద్రపోయేవాళ్లకు మా డ్రమ్ములు వినపడతాయి.

ప్రశ్న: మా నాన్నగారు హార్మోనియం మీద కీర్తనలు పాడేవారు. ఆ కీర్తనల్నే ఇప్పుడు డ్రమ్ములు, ఎలక్ట్రిక్ గిటార్లతో హోరెత్తిస్తున్నారు. ఇందులో భక్తి ఎక్కడుంది? మీరు దీనికి సాయం చేయడం న్యాయమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

మీ నాన్నగారి హార్మోనియం కూడా ఐరోపా నుంచి వచ్చిందే. చేత్తో తిత్తి నొక్కి వాయించే రూపం 19వ శతాబ్దంలో కలకత్తాలో తయారైంది. మన సంగీతానికి అది పనికిరాదని 1940లో రేడియో దాన్ని నిషేధించింది, ఆ నిషేధం సడలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఈ రోజు అది లేని భజన మనకు బోసిగా ఉంటుంది. మీ ఊరి వైపు తిరిగిన పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలో కర్ణాటక రాగతాళాల్లో క్రీస్తు కీర్తనలు రాశారు. తమ చుట్టూ జనం పాడుకునే బాణీలోనే ఆయన తన మాట చెప్పారు. అమెరికాలో లారీ నార్మన్ అనే గాయకుడు 1969లో రాక్ బాణీలో రికార్డు తెచ్చినప్పుడు, 1972లో పెట్రా అనే బృందం మొదలైనప్పుడు అక్కడి చర్చిల్లోనూ మీరడిగిన ప్రశ్నే అడిగారు. పెట్రా అంటే గ్రీకులో బండ. పేరు బైబిలు వాక్యంలోంచే తీసుకున్నారు. అందుకే వాయిద్యాన్ని బట్టి భక్తి ఉందో లేదో నేను తేల్చలేను.

అయితే మీ మాటలో ఒక సగం నన్ను గట్టిగా తాకింది. 'హోరెత్తిస్తున్నారు' అన్నారే, అది.

చాలా ఏళ్ల కిందట ఒక కచేరీ అయిపోయాక నేను వైర్లు చుడుతుంటే, కర్ర పట్టుకుని ఒక ముసలాయన మెల్లగా మిక్సరు దగ్గరకు వచ్చారు. ఆఖరి వరసలో కూర్చున్నారట. "బాబూ, మూడో పాట మధ్యలో అందరూ ఏడ్చారు. ఆ పాటలో ఏముంది?" అని అడిగారు. నాకు జవాబు రాలేదు. మూడు గంటలు ఆ పాటల్ని నా చేతులతోనే పెంచాను, తగ్గించాను. డ్రమ్ము ఎంత బాగా మోగిందో చెప్పగలను, పాటలో ఏ మాటలున్నాయో చెప్పలేను. ఆయన కాసేపు నిలబడి, "సర్లే బాబూ, పొద్దుపోయింది" అని వెళ్లిపోయారు.

అప్పటి నుంచి ఏ బృందం వచ్చినా ముందు రోజే పాటలన్నీ రాయించుకుని చదువుతాను. చరణంలో ముఖ్యమైన మాట ఎక్కడ వస్తుందో గీత పెట్టుకుని, అక్కడ గిటారు కొంచెం దించుతాను. గిటార్ వాళ్లు అలుగుతారు, అలగనివ్వండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. 70 మీటర్ల వెనక కూర్చున్నవాళ్లకు మాట చేరేసరికి సెకనులో అయిదో వంతు గడుస్తుంది. అందుకని మైదానం మధ్యలో ఇంకో రెండు బాక్సులు పెట్టి, ముందు బాక్సుల శబ్దం అక్కడికి చేరడానికి ఎంత సేపు పడుతుందో అంత ఆలస్యంగా వాటిని పలికిస్తాను. లేకపోతే ఒకే మాట రెండుసార్లు వినపడి చెదిరిపోతుంది. ఆ రెండు బాక్సులకు, వాటి వైర్లకు నిర్వాహకులు అదనంగా డబ్బు ఇవ్వరు. అయినా తీసుకెళతాను.

ఫిబ్రవరిలో మీ ఊళ్లోనే ఒక కార్యక్రమం ఉంది, దానికీ నేనే వస్తున్నాను. మీరు రండి మాస్టారూ. మొదటి మూడు పాటలు ఆఖరి వరసలో కూర్చుని వినండి. తర్వాత మిక్సరు దగ్గరకు వచ్చి ఏ చరణంలో ఏ మాట మీకు అందలేదో చెప్పండి. నా పక్కన మీకొక కుర్చీ వేయించి ఉంచుతాను, పాటల కాగితం కూడా అక్కడే ఉంటుంది.