చలికాలంలో స్లొవేనియా: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల స్లొవేనియా గురించి నాలుగు ముక్కలు రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నిట్లోనూ చలికాలం గురించే అడిగారు. ఎక్కువమందికి పనికొచ్చే వాటికి ఇక్కడ జవాబులిస్తున్నాను.

ప్రశ్న: ఇద్దరం ఐటీ ఉద్యోగులం. 68 ఏళ్ల మా అత్తయ్యగారు, ఏడేళ్ల బాబుతో కలిసి క్రిస్మస్‌కీ సంక్రాంతికీ మధ్యలో ఒక వారం స్లొవేనియా వెళ్దామనుకుంటున్నాం. చిన్న దేశమే కదా, మూడు రోజుల్లో అయిపోతుంది, అటు వెనిస్, ఇటు వియన్నా కూడా కలిపేద్దామని ట్రావెల్స్ వాళ్లు ప్లాన్ ఇచ్చారు. ఏమంటారు? (ఒక పాఠకురాలు, మియాపూర్)

జవాబు: ఆ ప్లాన్ వద్దండీ. దేశం చిన్నదన్న మాట నిజమే, 20 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే మన ఉమ్మడి అనంతపురం జిల్లా కన్నా కాస్త పెద్దది. జనాభా 21 లక్షలు. కానీ డిసెంబర్ చివర్లో అక్కడ ఏడున్నర దాటితే గానీ తెల్లారదు, సాయంత్రం నాలుగుంపావుకల్లా పొద్దుగూకిపోతుంది. ఉన్న వెలుతురంతా ఎనిమిదిన్నర గంటలు. అందులో పెట్టెలు సర్దుకోవడం, హోటల్ మారడం, బాబుకి తినిపించడం, పెద్దావిడకి కాసేపు నడుం వాల్చే టైమివ్వడం అన్నీ తీసేస్తే మీరు చూసేదేముంటుంది? వెనిస్, వియన్నా ఇంకోసారి వెళ్లొచ్చు, వారం మొత్తం స్లొవేనియాకే ఇవ్వండి.

రాజధాని ల్యుబ్లియానాలో ఒకే చోట, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేలా తిరగండి. బ్లెడ్ సరస్సు సుమారు 55 కిలోమీటర్లు, పోస్టోయ్నా గుహ 50, సముద్రపు ఒడ్డున పిరాన్ 120. ఏదీ బస్సుకి అందనంత దూరం కాదు. ఊరి నడిబొడ్డున కార్లు తిరగవు కాబట్టి పిల్లాడి చెయ్యి వదిలేసినా టెన్షన్ ఉండదు. గది మాత్రం నది పక్కన, మూడు వంతెనలు కలిసిన చోటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేలా చూడండి. ఆ వంతెనలకి ఈ రూపం ఇచ్చింది యోజె ప్లెచ్నిక్ అనే ఆర్కిటెక్టు. ఈ ఊళ్లో ఆయన కట్టినవాటికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చీకటి పడ్డాక చూడాల్సిన ఊరు ఇది, అందుకే నాలుగింటికే పొద్దుపోయినా ఇక్కడ బాధనిపించదు. వీధి దీపాల అలంకరణ, నది ఒడ్డున బజారు నవంబర్ చివర మొదలై జనవరి మొదటి వారం దాకా సాగుతాయి.

ఇక అసలు సంగతి, ఏ ప్యాకేజీ కాగితం మీదా రాయనిది: పొగమంచు. ల్యుబ్లియానా కొండల మధ్య గిన్నె లాంటి పల్లంలో ఉంది. గాలి కదలని రోజుల్లో చల్లగాలి అడుగున పేరుకుపోయి, మధ్యాహ్నమైనా సూర్యుడు కనిపించడు. అదే రోజు పైన కొండల మీద మాత్రం ఎండ ఫెళ్లున కాస్తుంటుంది. కాబట్టి సోమవారం బ్లెడ్, మంగళవారం గుహ అని ముందే రాసుకోవద్దు. పొద్దున లేవగానే ఫోన్‌లో వెబ్‌క్యామ్‌లు చూడండి, స్కీ కేంద్రాలన్నిటికీ ఉంటాయి. కింద పొగమంచు ఉండి పైన ఎండ కనిపిస్తే ఆ రోజే బోహిన్ సరస్సుకి వెళ్లి, అక్కడి నుంచి వోగెల్ రోప్‌వే ఎక్కేయండి. 569 మీటర్ల ఎత్తు నుంచి 1,535 మీటర్లకి ఐదు నిమిషాల్లోపే చేరుస్తుంది. పైకొచ్చాక సరస్సు ఉన్న లోయ మొత్తం తెల్లటి మబ్బు కింద మునిగి ఉంటుంది, ఎదురుగా త్రిగ్లావ్ పర్వతం, కాళ్ల కింద మంచు. బాబుకి స్కీయింగ్ రాకపోయినా ఫర్వాలేదు, ఓ ప్లాస్టిక్ స్లెడ్జి చాలు, అత్తయ్యగారు రెస్టారెంట్ బయట ఎండలో కూర్చోవచ్చు. కొండల మీద కూడా వాతావరణం బాగాలేకపోతే పిరాన్ వైపు చూడండి. సముద్రం పక్కన చలి కాస్త తక్కువ, కాకపోతే ఆ ప్రాంతంలో బూర్యా అనే ఈశాన్యపు గాలి రేగిందంటే వెళ్లొద్దు, నిలబడనివ్వదు.

వాన పడ్డ రోజుకి పోస్టోయ్నా దాచుకోండి. లోపల ఏడాది పొడుగునా దాదాపు 10 డిగ్రీలే కాబట్టి బయట మంచు పడుతున్నప్పుడు లోపలే వెచ్చగా అనిపిస్తుంది. సగానికి పైగా దూరం చిన్న రైల్లోనే వెళ్తారు, గుహలోకి పట్టాలు 1872లోనే వేశారు, మిగిలిన ఒకటిన్నర కిలోమీటరు నడవాలి, దారి బాగుంటుంది, రెయిలింగ్ ఉంటుంది. చలికాలంలో ప్రవేశాలు తక్కువ కాబట్టి టైమింగ్స్ చూసుకుని టికెట్ ముందే కొనండి. ష్కోట్సియాన్ గుహలు దీనికన్నా గంభీరంగా ఉంటాయి, నాకు అవే ఎక్కువ ఇష్టం, కానీ అక్కడ మెట్లు వందల్లో ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లని తీసుకెళ్లకండి.

బ్లెడ్ గురించి ఒక్క జాగ్రత్త. సరస్సు చుట్టూ ఆరు కిలోమీటర్ల దారి. ఎండ తగలని వైపు పొద్దుటి పూట దాని మీద నీళ్లు గడ్డకట్టి అద్దంలా ఉంటుంది, పైకి తడి నేలలానే కనిపిస్తుంది. అత్తయ్యగారు మొత్తం చుట్టి రావాల్సిన పనిలేదు, బస్టాండ్ వైపు ఒడ్డున అర కిలోమీటరు నడిస్తే ద్వీపం మీది చర్చి, కొండ మీది కోట రెండూ కనిపిస్తాయి. ద్వీపానికి వెళ్లే పడవలు చలికాలంలో రోజూ ఉంటాయన్న గ్యారంటీ లేదు, దిగాక 99 మెట్లెక్కాలి. వింట్గార్ లోయ ఈ సీజన్‌లో మూసేస్తారు, మీ ప్యాకేజీలో అది రాసి ఉంటే ఆ ట్రావెల్స్ వాళ్లని గట్టిగా అడగండి.

తేదీల విషయానికొస్తే, దీపాలు కావాలంటే డిసెంబర్, మంచు కావాలంటే జనవరి. పిల్లాడి కోసం అయితే నేను సంక్రాంతి సెలవులకే ఓటేస్తాను. కొత్త సంవత్సరం హడావిడి తగ్గి గదుల రేట్లు దిగుతాయి, కొండల మీద మంచు దొరికే అవకాశమూ ఎక్కువ. డిసెంబర్ చివర్లోనే వెళ్తే 25, 26, జనవరి 1, 2 నాలుగూ ప్రభుత్వ సెలవులని గుర్తుంచుకోండి. ఆదివారాలు కూడా సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, పాలు, బియ్యం, కూరగాయలు శనివారమే తెచ్చుకోవాలి.

బట్టలకి పెద్ద సూట్‌కేసు అక్కర్లేదు. లోపల థర్మల్స్, పైన స్వెటర్, దాని మీద గాలీ తడీ ఆపే జర్కిన్. మన మంకీ క్యాప్ ఉంటే అదీ పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. డబ్బు ఖర్చుపెట్టాల్సింది బూట్ల మీద: అడుగున లోతైన గాళ్లుండి, నీళ్లు దిగనివి కొనండి. మంచు మీద స్పోర్ట్స్ షూలు జారతాయి, తడిస్తే ఆ రోజంతా పాదాలు వేడెక్కవు. పెద్దావిడకి చీర కట్టుకునే అలవాటుంటే లోపల ఉన్ని లెగ్గింగ్స్ వేసుకోమనండి, కుచ్చిళ్లు చీలమండ పైకి ఉండేలా కడితే తడవవు.

ప్రశ్న: వీసాకి ఎప్పుడు పెట్టుకోవాలి? ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫ్లైట్ మారితే జర్మనీ వీసా తీసుకోవాలా? (నెల్లూరు నుంచి)

జవాబు: అక్కర్లేదు. స్లొవేనియా 2007 నుంచి షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో ఉంది. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, విమానం ఎక్కడ దిగినా సరే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారితే ఇమిగ్రేషన్ మాత్రం అక్కడే జరుగుతుంది కాబట్టి రెండు విమానాల మధ్య కనీసం రెండున్నర గంటలు ఉంచుకోండి.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల కన్నా ఆలస్యం కాకూడదు అన్నది రూలు. ఆ 15 రోజుల మాట నమ్ముకుని కూర్చోకండి, డిసెంబర్ ప్రయాణానికి సెప్టెంబర్‌లోనే స్లాట్ చూసుకోండి. ఫీజు పెద్దలకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి 45. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ప్రతి ఒక్కరికీ ఉండాలి. మీరు తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలైనా పాస్‌పోర్టు చెల్లాలి. ఎంబసీ ఢిల్లీలో ఉంది, మీ ఊరికి దగ్గర్లో ఎక్కడ ఇవ్వచ్చో వాళ్ల వెబ్‌సైట్‌లోనే చూడండి, ఏజెంటు నోటిమాట కాదు. వీసా వచ్చేదాకా డబ్బు వెనక్కి రాని టికెట్లు కొనొద్దు.

ప్రశ్న: మేము శాకాహారులం, గుడ్డు కూడా తినం. వారం రోజులు ఎలా గడుస్తుంది? (రాజమండ్రి నుంచి ఒక గృహిణి)

జవాబు: గుడ్డు తినని వాళ్లకి అక్కడి హోటల్ తిండి కష్టమేనండీ, దాచడం ఎందుకు. బ్లెడ్‌లో అందరూ ఎగబడి తినే క్రెమ్ష్నిటా అనే కేకు, పండగలకి చేసే పోటిట్సా అనే వాల్‌నట్ రొట్టె, జున్ను పెట్టి చుట్టే ష్ట్రుక్లి, అన్నిట్లో సాధారణంగా గుడ్డు పడుతుంది. చిక్కుళ్లు, పులిసిన క్యాబేజీతో చేసే యోటా సూప్ పేరుకి కూరగాయలదే అయినా చాలాచోట్ల పంది మాంసం వేస్తారు. ఆర్డర్ ఇచ్చేముందు మాంసం ఉందా, గుడ్డు ఉందా, కొవ్వులో వేయించారా అని మూడు ప్రశ్నలూ విడివిడిగా అడగండి. ఇంగ్లిష్ బాగానే మాట్లాడతారు. పిజ్జాలు, కాల్చిన కూరగాయలు, పుట్టగొడుగుల వంటలు దొరుకుతాయి.

కాబట్టి వంటగది ఉన్న గదే తీసుకోండి. బియ్యం, పెరుగు, బంగాళాదుంపలు, క్యాబేజీ, పప్పులు సూపర్‌మార్కెట్లో ఉంటాయి. ఇంటి నుంచి కందిపొడి, పచ్చడి, చింతపండు పట్టుకెళ్లండి, చెక్-ఇన్ సామానులో, కారకుండా సీల్ చేసి. నెయ్యి, పాలకోవా మాత్రం పెట్టుకోవద్దు, బయటి దేశాల నుంచి పాలతో చేసినవి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. తాజా కరివేపాకు, కూరగాయలు కూడా వద్దు. కుళాయి నీళ్లు భేషుగ్గా తాగొచ్చు, సీసాలు కొనే పనిలేదు.

ప్రశ్న: మ్యూనిచ్‌లో ఎంఎస్ చేస్తున్నాను. నలుగురు ఫ్రెండ్స్‌మి కారు అద్దెకి తీసుకుని వెళ్దామనుకుంటున్నాం, వెర్షిచ్ కనుమ మీదుగా సోచా నది లోయకి పోవాలని ప్లాన్. (విద్యార్థి)

జవాబు: తమ్ముడూ, వెర్షిచ్ ఆలోచన మానుకోండి. 1,611 మీటర్ల ఎత్తున, యాభై హెయిర్‌పిన్ మలుపుల దారి అది, మంచు పడితే మూసేస్తారు, తెరిచి ఉన్న రోజున కూడా మంచులో బండి నడిపిన అలవాటు లేనివాళ్లు వెళ్లాల్సిన దారి కాదు. మీ నలుగురిలో ఆ అలవాటు ఎవరికైనా ఉందా? లేకపోతే రైల్లో ల్యుబ్లియానా వెళ్లండి, అక్కడి నుంచి బస్సులు.

కారే అనుకుంటే, నవంబర్ 15 నుంచి మార్చి 15 దాకా స్లొవేనియాలో వింటర్ టైర్లు తప్పనిసరి. అద్దెకిచ్చేవాళ్లు పక్క దేశాలకి తీసుకెళ్లడానికి ఒప్పుకున్నట్టు కాగితం ఇవ్వాలి. హైవేలకి ఆస్ట్రియా విన్యెట్ (టోల్ పాసు) వేరు, స్లొవేనియాది వేరు, రెండోది ఆన్‌లైన్‌లో కారు నంబరు మీద కొనుక్కోవాలి, దారిలో పెద్ద సొరంగాలకి టోల్ మళ్లీ వేరే. రెసిడెన్స్ పర్మిట్ ఉంది కాబట్టి నీకు వీసా అక్కర్లేదు, కానీ కార్డుతో పాటు పాస్‌పోర్టు కూడా జేబులో ఉండాలి.

ప్రశ్న: ఫిబ్రవరిలో వెళ్తే చూడ్డానికి ఏమైనా ఉంటుందా? (రిటైర్డ్ టీచర్, ఖమ్మం)

జవాబు: ఉంటుంది మాస్టారూ, మీకు జాతరలంటే ఇష్టమైతే అదే మంచి సమయం. తూర్పున ప్టుయ్ అనే పాత పట్నంలో చలిని తరిమేయడానికి కురెంట్లు అనే వేషగాళ్లు బయల్దేరతారు. ఒళ్లంతా గొర్రెతోళ్లు, నడుముకి బరువైన గంటలు, ముఖానికి ఎర్ర నాలుక వేలాడే ముసుగు, వీధి మొదట్లో ఉండగానే ఆ గంటల మోత వినిపిస్తుంది. 2017లో యునెస్కో ఈ ఆచారాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఈస్టర్‌ని బట్టి తేదీలు ఏటా మారతాయి కాబట్టి ముందు అవి చూసుకుని తర్వాత టికెట్ తీసుకోండి. ఫిబ్రవరి 8 వాళ్ల కవి ఫ్రాన్స్ ప్రెషెరెన్ వర్ధంతి, దాన్ని దేశమంతా సంస్కృతి దినంగా సెలవిచ్చి జరుపుకుంటారు, ఆ రోజు చాలా మ్యూజియాలకి టికెట్ ఉండదు. రెండూ ఒకే ప్రయాణంలో కలిసే ఏడాది అయితే ల్యుబ్లియానాలో నాలుగు రోజులు, ప్టుయ్‌లో రెండు రోజులు పెట్టుకోండి. ప్టుయ్‌లో గదులు తక్కువ, దొరక్కపోతే దగ్గర్లోని మారిబోర్‌లో చూడండి.