బొగ్గు డబ్బా మార్చే ముందు చిల్లి ఎక్కడుందో చూడు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులతో వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. చెక్ ఇంజిన్ లైటు వెలిగిందనీ, స్కానర్ పెట్టి చూస్తే పీ0442 అనే కోడు వచ్చిందనీ, కానిస్టర్, అంటే పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా, మార్చేస్తే సరిపోతుందని మెకానిక్ అన్నాడనీ రాశావు. ఆ డబ్బా కొనకు. కనీసం ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకైనా కొనకు. ఆ కోడు చెబుతున్నదల్లా పెట్రోలు ఆవిరి ఉండే గొట్టాల్లో ఎక్కడో సుమారు 1 మిల్లీమీటరు చిల్లికి సమానమైన కారుడు ఉందని మాత్రమే. అంతకంటే సన్నగా, అర మిల్లీమీటరు దాకా ఉంటే పీ0456 అనీ, బాగా పెద్దదైతే పీ0455 అనీ వస్తుంది. ఈ మూడింటిలో ఏదీ చిల్లి ఎక్కడుందో చెప్పదు.

ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో తెలిస్తే వెతకడం తేలికవుతుంది. ట్యాంకులోని పెట్రోలు కారు నిలబడి ఉన్నప్పుడు కూడా ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలిలో కలవకుండా కానిస్టర్‌లోని బొగ్గు దాన్ని పట్టి ఉంచుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకుంటే, ఇంజిన్ పీల్పుకు ఆ ఆవిరి లోపలికి పోయి కాలిపోతుంది, దాని స్థానంలోకి వెంట్ వాల్వు ద్వారా బయటి గాలి వస్తుంది. చాలా కార్లలో కంప్యూటర్ వెంట్‌ను మూసి, పర్జ్‌ను కాసేపు తెరిచి, లోపల కొద్దిపాటి వాక్యూమ్ ఏర్పడగానే పర్జ్‌ను కూడా మూసేసి, అది నిలుస్తోందా లేదా అని ట్యాంకులోని ప్రెజర్ సెన్సర్ ద్వారా కనిపెడుతుంది. నిలవకపోతే లైటు వెలుగుతుంది. కరెంటు లేనప్పుడు పర్జ్ వాల్వు మూసి ఉండాలి, వెంట్ వాల్వు తెరిచి ఉండాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం పరీక్షలు నీకు నువ్వే కనిపెట్టగలవు.

మొదట పెట్రోలు మూత చూడమని అందరూ చెబుతారు, అది నిజమే, కానీ చాలామంది మూతను మాత్రమే చూసి ఊరుకుంటారు. మూత కింది రబ్బరు రింగును గోటితో కొద్దిగా వంచి చూడు. సన్నని పగుళ్లు ఉంటే అలా వంచినప్పుడే కనిపిస్తాయి. ఆ తరవాత ఆ రింగు ఆనుకునే గొట్టం అంచును పొడిగుడ్డతో చుట్టూ తుడిచి, వేలితో తడిమి చూడాలి. ఈ రెండోది చేయకపోవడం వల్ల నేను ఒకసారి మూత మార్చాను, పర్జ్ వాల్వు మార్చాను, చివరికి కానిస్టర్ కూడా మార్చాను, లైటు మళ్లీ వెలుగుతూనే ఉంది. నెల తరవాత చక్రం వెనకున్న ప్లాస్టిక్ తొడుగు విప్పితే, పెట్రోలు పోసే ఇనుప గొట్టానికి బురద పేరుకున్న చోట తుప్పు పొరలు లేచి ఉన్నాయి, వాటి మధ్య గుండుసూది పట్టేంత రంధ్రం ఉంది. అంచు దగ్గర ఎర్రని పొడి మొదటి రోజునుంచీ కనిపిస్తూనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

పనిముట్లు పట్టేముందు బండి నడకను ఒకసారి గుర్తు చేసుకో. పెట్రోలు పోయించుకున్న వెంటనే స్టార్టు కావడానికి మొరాయిస్తుంటే పర్జ్ వాల్వు తెరుచుకుని బిగుసుకుపోయి ఉండవచ్చు. పెట్రోలు పోస్తుంటే నాజిల్ మాటిమాటికీ టక్కుమని ఆగిపోతుంటే వెంట్ దారి మూసుకుపోయి ఉండవచ్చు. దుమ్ము, సాలెగూళ్లు ఆ చివరలో చేరడం నేను చాలాసార్లు చూశాను. ఈ మధ్య పెట్రోలు పంపు మార్పించావా? అయితే ట్యాంకు పైన పంపును బిగించే పెద్ద రింగు కింది సీలును అనుమానించు, పాత సీలునే మళ్లీ వేసే అలవాటు కొందరికి ఉంది.

పర్జ్ వాల్వును పరీక్షించడం కష్టం కాదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా వాల్వుకు వచ్చే కరెంటు కనెక్టర్ తీసేసి, కానిస్టర్ వైపునుంచి వచ్చే గొట్టాన్ని వాల్వునుంచి విడదీసి, వాల్వు మొనకు వేలు అడ్డం పెట్టు. పీల్పు తగిలితే వాల్వు మూసుకోవడం లేదన్నమాట. కనెక్టర్ తీసినందుకు పీ0443 వంటి కొత్త కోడు వస్తే కంగారు పడకు, అది నువ్వు చేసిన పనికి వచ్చిందే. వాల్వులో నల్లని బొగ్గు నలకలు కనిపిస్తే మాత్రం కానిస్టర్ లోపల చెదిరిందని అర్థం. అప్పుడు డబ్బా మార్చడం సబబే, కానీ మధ్యలోని గొట్టాలను కూడా శుభ్రం చేయకపోతే కొత్త వాల్వు కూడా అదే నలకలతో చెడుతుంది.

ఇంతవరకూ ఏమీ దొరకకపోతే పొగ పరీక్షే దారి, దానికి ఇష్టపడి ఖర్చు పెట్టు. యంత్రంతో పొగను పర్జ్ గొట్టం ద్వారా పంపుతూ, వెంట్ వాల్వును స్కానర్ ఆజ్ఞతో మూయించాలి. ముందు పెట్రోలు మూత తీసి ఉంచి, పెట్రోలు పోసే గొట్టం నోట్లోంచి పొగ రావడం మొదలయ్యాక మూత పెడితే పొగ అంతటా నిండిందని తెలుస్తుంది. ఆ తరవాత టార్చిలైటు వేసి అతుకులను, వంపులను, కానిస్టర్ పక్కల్ని నిదానంగా చూడాలి. ప్రెజరు అర పీఎస్ఐ దరిదాపుల్లోనే ఉండాలి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను ఎట్టి పరిస్థితిలోనూ తగిలించనివ్వకు: సెన్సర్ పాడవుతుంది, ట్యాంకు ఉబ్బుతుంది, పైగా పెట్రోలు ఆవిరిలోకి గాలిని ఎక్కించడమంటే నిప్పు కోసం ఎదురుచూసే మిశ్రమాన్ని తయారుచేయడమే. అందుకే జాగ్రత్తగల మెకానిక్కులు నైట్రోజన్ వంటి మండని వాయువుతో పొగ పంపుతారు. ఏదో కాల్చి డబ్బాలో పొగ పుట్టించే ఇంటి చిట్కాలు ట్యాంకు దగ్గరికి రానివ్వకు. ఈ పనులన్నీ ఆరుబయట చేయాలి, జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండి కిందికి దూరకూడదు. కారు కింద పెట్రోలు తడి కనిపిస్తే ఇదంతా పక్కన పెట్టి, బండిని స్టార్టు చేయకుండా తోయించుకునే తీసుకుపో.

దొరికిన చిల్లికి టేపు చుట్టడం, సిలికాన్ పూయడం పనికిరావు. పెట్రోలు ఆవిరికి అవి నిలవవు. పెట్రోలు ఆవిరికి తగిన గొట్టాన్నే అదే సైజులో వేయించు, నీళ్ల గొట్టం ముక్క వేస్తే కొన్నాళ్లకు మెత్తబడి చీలుతుంది.

బాగుచేశాక కోడు చెరిపేసి, కారు కంప్యూటర్ తనంతట చేసే చిల్లి పరీక్ష అయిపోయిందా అని వెంటనే చూడకు. ట్యాంకు దాదాపు 15 నుంచి 85 శాతం మధ్య నిండి ఉన్నప్పుడు, బండి రాత్రంతా నిలబడి చల్లారాకనే ఈ పరీక్ష సాధారణంగా నడుస్తుంది, అందుకే పెట్రోలు సగం ఉంచి మామూలుగా తిరుగు. కోడు చెరపకపోయినా వరసగా మూడుసార్లు పరీక్ష నెగ్గితే లైటు దానంతటదే ఆరిపోతుంది. ఇకమీదట పెట్రోలు పోయించేటప్పుడు నాజిల్ ఒకసారి టక్కుమని ఆగితే అక్కడికి ఆపించు. అంచుదాకా నింపితే ద్రవ పెట్రోలు కానిస్టర్‌లోకి పోయి బొగ్గును తడిపి పాడుచేస్తుంది.

మూత రింగు, గొట్టం అంచు చూసి, ఏమి కనిపించిందో ఫోటో తీసి పంపు. ఆ తరవాతే పర్జ్ వాల్వు జోలికి పోదాం.

ఇట్లు,
మీ పెదనాన్న