మైనస్ సైటు అన్నారు, కళ్ళజోడు ఇప్పుడే కొనాలా?

ఎనిమిదో తరగతి చదివే మీ అమ్మాయికి సాయంత్రమయ్యేసరికి తలనొప్పి, కళ్ళ మంట, బోర్డు మసక అన్నారు. నంద్యాలలో కళ్ళజోళ్ళ దుకాణం వాళ్ళు కంప్యూటర్ పరీక్ష చేసి మైనస్ సైటు ఉందని, నీలి కాంతిని ఆపే అద్దాలు తీసుకోమని చెప్పారట. ఇంకా డబ్బు కట్టకపోతే ఆగండి. కర్నూలులో మా అబ్బాయి విషయంలో మేము ఆగలేదు.

ఏప్రిల్ ఎండలకు బయటకు పంపలేక ఫోను మేమే చేతికిచ్చాం. కూలర్ ఎదురుగా పడుకుని, ఫోను జానెడు దూరంలో పెట్టుకుని వీడియో పాఠాలు, వాటి తరువాత ఇంకేవేవో. దుకాణంలో మైనస్ ఒకటి అనగానే అద్దాలు చేయించాం. పెట్టుకున్నాక తలనొప్పి ఇంకా ఎక్కువైంది. అలవాటు పడాలంటూ మూడు వారాలు వాడినే కసురుకున్నాం. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

చివరకు కంటి డాక్టరు చుక్కల మందు వేసి, గంటసేపు కూర్చోబెట్టి మళ్ళీ పరీక్షించారు. సైటు దాదాపు లేదు! గంటల తరబడి దగ్గరగా చూస్తే కంటి లోపలి కండరం బిగుసుకుని, దూరం చూసేటప్పుడు కూడా వదులు కాదట. ఆ చుక్కల మందు కండరాన్ని వదులు చేస్తుంది. మందు వేయకుండా చూస్తే పిల్లల్లో ఆ బిగువు కూడా మైనస్‌గానే లెక్కలోకి వస్తుంది. మీకు కర్నూలు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి దగ్గరే. మందు వేశాక చాలాసేపు అక్షరాలు మసకగా ఉంటాయి కాబట్టి బడిలో పరీక్షలున్నప్పుడు మాత్రం వెళ్ళకండి.

మంట సంగతి వేరు. నిమిషానికి 15 సార్లు కొట్టుకునే రెప్పలు తెర ముందు 5, 7 సార్లకు పడిపోతాయి. దానికి తోడు ముఖం మీదకే కూలర్ గాలి. దాన్ని పక్కకు తిప్పిన వారానికే ఇసుక పడ్డట్టున్న గరగర సగం తగ్గింది. ఫోను మూరెడు దూరం జరిగింది. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల అవతలికి 20 సెకన్లు చూడమన్నారు గానీ, మా వాడు గడియారం చూసి చేసే రకం కాదు. అందుకని మంచినీళ్ళ సీసాను మిద్దె మీద పెట్టాం. దాహమైతే వెళ్ళాలి, వెళ్తే వీధి చివరి వేపచెట్టు కనపడుతుంది.

నీలి కాంతి అద్దాలకు అదనంగా ఖర్చు పెట్టకండి. మామూలు అద్దాల కంటే వాటితో కళ్ళ అలసట తగ్గుతుందని తేలలేదని వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2023 నాటి సమీక్ష చెప్పింది.

మందు వేసి చూశాక కూడా మైనస్ ఉందంటే మాత్రం కళ్ళజోడు మానిపించకండి. పెట్టుకుంటే సైటు పెరుగుతుందన్నది మా అత్తగారి మాట, డాక్టరుది కాదు.