గునుగు పూల రంగు అంటిన అరచేతులు

చిన్నప్పుడు చేసుకున్న పండుగల్లో ఏది బాగా గుర్తుంది, ఎందుకు గుర్తుంది అని అడిగారు. నాకైతే బతుకమ్మ. నేను మగపిల్లవాణ్ణి, అది ఆడవాళ్ళ పండుగ కదా అని చాలామంది ఆశ్చర్యపోతారు. ఆడేది ఆడవాళ్ళే, కానీ మా ఇంట్లో పూలు తెచ్చేది మగవాళ్ళు, పిల్లలు. మిగతా పండుగలకు కొత్త బట్టలు వేసుకుని పెట్టింది తిన్నాం. ఈ పండుగకు మాత్రం మాకో పని అప్పగించారు. నాకు తోచిన కారణం అదే.

మాది హనుమకొండకు దగ్గర్లో ఒక ఊరు. భాద్రపద అమావాస్యను మా వైపు పెత్రమాస అంటారు. ఆ రోజు పెద్దల పేరున బియ్యం ఇచ్చాక, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మతో పండుగ మొదలవుతుంది. దుర్గాష్టమి నాటికి చివరి రోజు సద్దుల బతుకమ్మ. మా మేనత్తను వేములవాడకు ఇచ్చారు. అక్కడ ఏడో రోజునే సద్దులు చేస్తారు కాబట్టి, అత్తగారింట్లో ఆ పండుగ ముగించుకుని మా సద్దులకు పుట్టింటికి వచ్చేది. ఒకే ఏడు రెండు సద్దులు ఆడిన సంబరం ఆమె ముఖంలో కనిపించేది. అత్త బస్సు దిగిందంటే మాకు నిజంగా పండుగ వచ్చినట్టు. ఆరో రోజు అమ్మవారు అలిగిందని పూలు పేర్చరు. ఆ ఒక్క రోజు పిల్లలకు ఏమీ తోచేది కాదు.

సద్దులకు రెండు రోజుల ముందే గునుగు కోసం బయలుదేరేవాళ్ళం. బాబాయి చేతిలో కొడవలి, మా చేతుల్లో గోనె సంచులు. గునుగు ఎవరూ వేసే పంట కాదు, జొన్న చేలలో, గట్ల మీద తనంతట తాను మొలిచే కలుపు మొక్క. ఏడాదంతా పీకి పారేసే మొక్క ఈ తొమ్మిది రోజులు మాత్రం బంగారం. కంకులు తెల్లగా వెండిలా మెరుస్తాయి, కొసన కొంచెం గులాబీ ఛాయ. మంచుకు తడిసిన చేలో నడిస్తే మోకాళ్ళ దాకా తడి, చెప్పులకు బంకమన్ను. తంగేడుకు మాత్రం సద్దుల రోజు పొద్దున్నే గుట్ట కిందికి వెళ్ళాలి, ముందే తెస్తే వాడిపోతుంది. ఇప్పుడు తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. అప్పుడు మాకది గుట్ట కింది చెలకలో పచ్చగా కనిపించే పొద మాత్రమే.

తెచ్చిన గునుగును నానమ్మ అరుగు మీద పోసేది. కాడలన్నీ ఒకే పొడవు వచ్చేలా కత్తిరించి, పిడికెడు పిడికెడు దారంతో కట్టాలి. గిన్నెల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు కలిపి, కట్టను తలకిందులుగా పట్టుకుని కొసలు మాత్రం ముంచాలి. ఎక్కువ ముంచితే తెలుపు పోతుంది, ఆ తెలుపే అందం. మునివేళ్ళతో రంగు పిండి, చాట మీద ఆరబెట్టేవాళ్ళం. అరచేతులకు అంటిన రంగు వారం రోజులు వదిలేది కాదు. దసరా సెలవులయ్యాక బడికి వెళితే తరగతిలో ఎవరి చేయి ఎంత రంగుగా ఉందో చూసుకునేవాళ్ళం.

పేర్చడం అమ్మ, అత్త చేసేవారు. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, పూలు బయటికి, కాడలు లోపలికి ఉండేలా తంగేడు వరుస, దాని మీద గునుగు వరుస, బంతి వరుస. వరుస పెరిగే కొద్దీ మధ్యలో గుంత ఏర్పడుతుంది. కత్తిరించిన కాడలు, ఆకులు ఆ గుంతలో కూరి గట్టిగా నొక్కడం నా పని. బయటికి కనిపించని పని. నాకు పదేళ్ళప్పుడు, దోస్తులు పిలుస్తున్నారన్న తొందరలో వట్టి ఆకులు వదులుగా నింపి వెళ్ళిపోయాను. పైన గుమ్మడి పువ్వు, తమలపాకు మీద పసుపు గౌరమ్మ పెట్టేదాకా ఎవరికీ తెలియలేదు. సాయంత్రం అమ్మ తల మీద పెట్టుకుని బొడ్రాయి దాకా వచ్చేసరికి బతుకమ్మ ఒక పక్కకు ఒరిగింది. తంగేడు వరుస జారి దారిలో పడింది.

నా కాళ్ళు ఆడలేదు. అమ్మ కళ్ళలో నీళ్ళు. నానమ్మ బతుకమ్మను పక్కింటి అరుగు మీద దింపించింది. తాతయ్య భుజం మీది తువ్వాలు తీసి అడుగున చుట్టూ బిగించి, పక్కనున్న ఆముదం చెట్టు ఆకులు తెమ్మంది. "నువ్వే నొక్కు. నింపింది నువ్వే కదా" అంది. అంతే, ఇంకో మాట లేదు. నేను నొక్కుతుంటే ఆమె జారిన పూలు ఒక్కొక్కటే ఏరి మళ్ళీ గుచ్చింది. మరుసటి ఏడు ఆ పని బావకు ఇస్తుందని అనుకున్నాను. నాకే ఇచ్చింది.

చెరువు దగ్గర ఊరి బతుకమ్మలన్నీ మధ్యలో పెట్టి, చుట్టూ వంగి లేస్తూ చప్పట్లు కొడుతూ ఆడవాళ్ళు ఆడేవారు. వానాకాలం చివర కాబట్టి చెరువు నిండుగా, మత్తడి దాకా ఉండేది. చీకటి పడ్డాక ఒక్కొక్కటే నీళ్ళలో వదిలేవారు. కాసేపు తేలి, వరుసలు విడిపోయి, లోపలి ఆకుపచ్చ పోగు మెల్లగా బయటికి వచ్చేది. నేను గట్టు మీద నిలబడి నేను నింపింది ఏదో వెతుక్కునేవాణ్ణి. ఆ తర్వాత రంగు చేతులతోనే మలీద ముద్దలు, సత్తుపిండి, పులిహోర. రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపిన మా అత్త మలీద రుచి నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం. గునుగు, తంగేడు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో కట్టలుగా కొనుక్కొస్తాను. 2014లో రాష్ట్ర పండుగ అయ్యాక నగరంలోనూ సందడి పెరిగింది, అది నాకు సంతోషమే. కానీ అమ్మాయిని అలంకరించి ఫోటో తీసి ఊరుకోవడం నాకు నచ్చలేదు. పోయిన ఏడు కాడలు కత్తిరించడం, మధ్యలో నింపడం తనకే ఇచ్చాను. ఎనిమిదేళ్ళ పిల్ల, బొటనవేళ్ళు నొప్పి పుట్టేదాకా నొక్కింది. చెరువులో వదిలాక అందరూ ప్రసాదాలు పంచుకుంటుంటే తను మెట్టు మీద గొంతుక్కూర్చుని నీళ్ళలోకి చూస్తోంది. ఏమిటమ్మా అంటే, "నేను పెట్టిన ఆకులు ఇంకా బయటికి రాలేదు నాన్నా" అంది.